లినక్స్‌లో కెర్నెల్ మారాక సిస్టమ్ లేవకపోతే: పాతదానికి వెళ్ళాలా, కొత్తదాన్నే బాగుచేయాలా?

మార్చి నెల, ఉదయం ఎనిమిదిన్నర. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు నుంచి ఫోన్. "అబ్బాయ్, తెర నల్లగా వచ్చి ఏవో తెల్లక్షరాలు పడి ఆగిపోయింది. బయట బస్తాలు దిగుతున్నాయి, కాటా చీటీలు ఎక్కించాలి. ఇప్పుడెట్టా?" అన్నారు గుమాస్తా బాబాయ్. తెరని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాను. చివరి వరుసల్లో 'కెర్నెల్ పానిక్', 'అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్' అని ఉంది. ముందు రోజు సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు కుర్రాడెవరో అప్‌డేట్ కొట్టి వెళ్ళాడట.

"బాబాయ్, లెక్కలెక్కడికీ పోలేదు. ఆపేసి మళ్ళీ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ రాగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి" అన్నాను. మెనూ వచ్చింది. రెండో వరుస, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'. దాని లోపల పై నుంచి మూడో వరుస. ఎంటర్. నాలుగు నిమిషాల్లో చీటీలు మొదలయ్యాయి. సిస్టమ్‌ని నేను బాగుచేసింది మధ్యాహ్నం వెళ్ళాక, భోజనాల వేళ.

కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే, లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం. దాని అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే మన ముందు మూడు నాలుగు దారులుంటాయి. పాత కెర్నెల్‌లోనే ఉండిపోవడం, కొత్తదాన్ని బాగుచేసుకోవడం, కెర్నెల్ వరసనే మార్చుకోవడం, లేదా గొడవ చేస్తున్న పార్టు పీకి వేరేది పెట్టుకోవడం. అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు. చాలాచోట్ల చెప్పే 'పాతదానికి వెళ్ళిపోండి' అన్నది ఆ పూటకి సరైనదే కానీ, ఆర్నెల్లు అక్కడే కూర్చుంటే వేరే ప్రమాదం. గుంటూరులో కొన్ని కొట్లకీ, బ్రాడీపేటలో ఒక ట్యూషన్ ల్యాబుకీ మెషీన్లు చూస్తుంటాను కాబట్టి, ఏ దారి ఎవరికి సరిపోతుందో నాకు అర్థమైనంత రాస్తున్నాను. లినక్స్ రకాల్లో చెప్పేది ఎక్కువగా ఉబుంటు గురించి. డెబియన్, మింట్ వాడేవాళ్ళకి కూడా దాదాపు అంతా వర్తిస్తుంది.

అసలు తప్పు కెర్నెల్‌దేనా?

పాత కెర్నెల్‌తో ఒకసారి బూట్ చేసి చూడటం కంటే మంచి పరీక్ష లేదు. పాతదానితో లేచిందా, తప్పు కొత్తదానిదో, కొత్తది ఎక్కించిన తీరుదో. పాతదానితో కూడా లేవలేదా, కెర్నెల్‌ని వదిలేసి వేరేచోట వెతకండి. పాత సిస్టమ్‌లలో షిఫ్ట్ పట్టుకోవాలి. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్న కొత్త మెషీన్లలో ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. గాభరాలో టకటకా నాలుగైదుసార్లు నొక్కితే మెనూ దాటిపోయి గ్రబ్ (ఆ మెనూ చూపించి కెర్నెల్‌ని లేపే ప్రోగ్రామ్) ప్రాంప్ట్‌లో పడతారు. పడితే ఏమీ కాదు, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టండి.

గ్రబ్ మెనూ దాకా కూడా రాకపోతే, బీప్ శబ్దాలు వస్తుంటే, ఫ్యాన్ తిరిగి ఆగుతుంటే అది ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, వదులైన కేబుల్ లాంటి వ్యవహారం. కెర్నెల్ ఇంకా రంగంలోకే రాలేదు.

ఎండాకాలంలో మన దగ్గర తరచూ కనపడేది ఇంకొకటుంది. బూట్ అవుతూ అవుతూ 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అని బ్రాకెట్లో ఒక ప్రాంప్ట్ వచ్చి ఆగుతుంది. దానికి పైన 'రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ' అని ఉందేమో చూడండి. ఉంటే కరెంటు పోయినప్పుడు ఫైల్ సిస్టమ్ దెబ్బతిందన్నమాట. అక్కడే 'ఎఫ్ఎస్‌సీకే' అని కొట్టి, పైన చూపించిన డిస్కు భాగం పేరిచ్చి, అడిగినవాటికి వై అంటూ పోతే చాలాసార్లు లేస్తుంది. ముందు రోజు అప్‌డేట్ జరిగి ఉంటే జనం నిందంతా దాని మీదే వేస్తారు. నిజానికి మార్చాల్సింది యూపీఎస్ బ్యాటరీ. ఒకే మెషీన్‌కి ఇది పదే పదే వస్తుంటే మాత్రం డిస్కు పోయే దశలో ఉందేమోనని, దాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడండి. దానికంటే ముందు డేటా కాపీ తీసుకోండి.

డ్రైవర్ ఇంటివాడా, బయటివాడా?

పాతదానితో లేచి, కొత్తదానితో లేవలేదని తేలింది. ఇప్పుడు ఎంపికంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: చెడిన డ్రైవర్ కెర్నెల్ లోపలిదా, బయట నుంచి తెచ్చి అతికించిందా?

లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళుగా గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. నిన్నటిదాకా నడిచిన పని కెర్నెల్ మారడం వల్ల ఆగిపోతే అది కెర్నెల్ తప్పే, సరిచేయాల్సింది కెర్నెల్ వాళ్ళే. కానీ ఈ మాట కెర్నెల్ సోర్సులో ఉన్న డ్రైవర్లకే. ఇంటెల్ గ్రాఫిక్స్, ఏఎండీ గ్రాఫిక్స్, ఇంటెల్ వైఫై ఈ కోవలోవి. ఇవి చెడితే మీరు డ్రైవర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. పాత కెర్నెల్‌లో కూర్చుని, ఫిర్యాదు నమోదు చేసి, తర్వాతి అప్‌డేట్ కోసం ఆగితే చాలు. ఉబుంటులో కొన్ని వారాలకోసారి కొత్త కెర్నెల్ వస్తూనే ఉంటుంది.

ఎన్విడియా వాళ్ళ సొంత డ్రైవర్, బ్రాడ్‌కామ్ 'డబ్ల్యూఎల్' వైఫై, కొన్ని రియల్‌టెక్ డాంగిళ్ళు, వర్చువల్‌బాక్స్, ఇవన్నీ బయటివి. కెర్నెల్ లోపలి అమరిక మారినప్పుడల్లా వీటిని మళ్ళీ కంపైల్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్ అనే ఏర్పాటు తనంతట తాను చేస్తుంది, అన్నీ కుదిరితే. కుదరకపోతే ఎదురుచూస్తూ కూర్చున్నందువల్ల ప్రయోజనం లేదు. మీరే బాగుచేసుకోవాలి, లేదా పార్టు మార్చుకోవాలి.

ఏది ఏమిటో తెలుసుకోవడం తేలికే. టెర్మినల్‌లో 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టండి. అక్కడ కనపడేవన్నీ బయటివాళ్ళు. కొత్త కెర్నెల్ నంబరు ఎదురుగా 'ఇన్‌స్టాల్డ్' అని లేకపోతే దొంగ దొరికినట్టే. క్రితం బూట్‌లో ఏం జరిగిందో చూడాలంటే 'జర్నల్‌సీటీఎల్'కి మైనస్ బీ, మైనస్ ఒకటి ఇచ్చి ఎర్రగా కనపడే వరుసలు చదవండి. లాగ్ రాసేంత దాకా బూట్ రాకపోతే ఇందులో ఏమీ ఉండదు. అప్పుడు తెర ఫోటోయే ఆధారం.

పాతదాంట్లో ఉండిపోవడం

ఇది పిరికితనం ఏమీ కాదు. 2022లో 5.19.12 కెర్నెల్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ లోపం వల్ల కొన్ని లాప్‌టాప్‌లలో తెర మిణుకుమిణుకుమనడం మొదలైంది. ప్యానెల్ దెబ్బతినే ప్రమాదం ఉంది, వాడొద్దు అని కెర్నెల్ డెవలపర్లే చెప్పారు. 5.19.13లో సరిచేశారు. 2023 డిసెంబరులో ఇంకా పెద్దది. 6.1.64 కెర్నెల్‌లో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డేటా చెడిపోయే లోపం బయటపడి, డెబియన్ వాళ్ళు 12.3 విడుదలని మధ్యలో ఆపి, సరిచేసిన కెర్నెల్‌తో 12.4 ఇచ్చారు. స్థిరమైనదని పేరున్న వరసలోనే అది జరిగింది. కాబట్టి పని ఆగకూడని చోట వారం పది రోజులు వెనక ఉండటం బుద్ధిమంతులు చేసే పనే.

అయితే ఉండే పద్ధతి ఉంది. రోజూ షిఫ్ట్ నొక్కి మూడో వరుస ఎంచుకోమంటే ఏ కొట్లోనూ సాగదు. గ్రబ్ సెట్టింగుల ఫైలులో 'గ్రబ్ డిఫాల్ట్'కి 'సేవ్‌డ్' అనీ, 'గ్రబ్ సేవ్‌డిఫాల్ట్'కి 'ట్రూ' అనీ రాసి, 'అప్‌డేట్ గ్రబ్' కొడితే చివరిసారి ఎంచుకున్నదే మళ్ళీ వస్తుంది. తర్వాత 'ఏపీటీ మార్క్ హోల్డ్'తో, కొత్త కెర్నెళ్ళని వెంట తెచ్చే మెటా ప్యాకేజీలని పట్టి ఉంచాలి. ఇమేజ్ (కెర్నెల్), హెడర్స్ (బయటి డ్రైవర్లు కంపైల్ చేయడానికి కావాల్సినవి), రెంటినీ కలిపే ప్యాకేజీ, మూడింటినీ. ఒక్కదాన్ని కూడా మరిచిపోకండి. నడుస్తున్న పాత కెర్నెల్ ప్యాకేజీని 'ఏపీటీ మార్క్ మాన్యువల్' చేసి పెట్టండి, అక్కర్లేనివి తీసేసే ఆటోరిమూవ్ దాన్ని ఊడ్చేయకుండా.

హోల్డ్ పెట్టిన రోజే తీసే తేదీ కూడా రాసుకోవాలి. ఇది నేను పట్టుదలగా చెప్పే మాట. 2022 మార్చిలో 'డర్టీ పైప్' అనే లోపం బయటపడింది. 5.8 కెర్నెల్ నుంచి ఉన్న ఆ లోపంతో మామూలు యూజర్ కూడా తనకి రాసే అనుమతి లేని ఫైళ్ళలో రాసి, సిస్టమ్ మీద పూర్తి అధికారం (రూట్) సంపాదించగలిగేవాడు. 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిచేశారు. ఆ వారంలో హోల్డ్ పెట్టుకుని మరిచిపోయిన మెషీన్ల సంగతి ఆలోచించండి. ఇక్కడే కొట్టుకీ ల్యాబుకీ తేడా వస్తుంది. కొట్లో సిస్టమ్ ముందు కూర్చునేది ఒక్క గుమాస్తా. నెల రోజులు పాత కెర్నెల్‌లో ఉన్నా కొంప మునగదు. ట్యూషన్ ల్యాబులో రోజుకి అరవైమంది పిల్లలు లాగిన్ అవుతారు, అందులో కనీసం ఇద్దరికి ఇలాంటివి ప్రయత్నించి చూడాలన్న ఉత్సాహం ఉంటుంది. అక్కడ నేను హోల్డ్ వారానికి మించి ఉంచను.

కొత్తదాన్నే బాగుచేసుకోవడం

తప్పు కెర్నెల్‌ది కాక, ఎక్కించిన తీరుదైతే ఇదే సరైన దారి. నా అనుభవంలో ఎక్కువ కేసులు ఇలాంటివే.

యార్డు కొట్టు సంగతే చూడండి. మధ్యాహ్నం వెళ్ళి 'బూట్' ఫోల్డర్ తెరిచి చూశాను. కొత్త కెర్నెల్ ఫైలు 'వీఎంలినజ్' ఉంది, దానికి జత కావాల్సిన 'ఇనిట్‌ఆర్‌డీ' ఫైలు లేదు. డిస్కుని పట్టుకోవడానికి కావాల్సిన సరంజామా అంతా ఆ ఫైలులో ఉంటుంది. అది లేకపోతే కెర్నెల్‌కి రూట్ (సిస్టమ్ ఉన్న డిస్కు భాగం) ఎక్కడుందో తెలియక పానిక్ అవుతుంది. ఎందుకు లేదంటే జాగా లేక. నాలుగేళ్ళ క్రితం ఆ మెషీన్‌లో బూట్‌కి విడిగా 500 ఎంబీ భాగం ఇచ్చింది నేనే. ఒక్కో కెర్నెల్, దాని ఇనిట్‌ఆర్‌డీ కలిసి వంద ఎంబీ దాటిపోతున్న రోజుల్లో అది ఏ మూలకీ చాలదు. అప్‌డేట్ నడుస్తుండగా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఒక వరుస పడే ఉంటుంది, కొట్టు మూసే హడావుడిలో ఎవరు చూస్తారు? అన్నిటికంటే పాత కెర్నెల్‌ని ఏపీటీతో తీసేసి, 'డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ' కొట్టి, కొత్త నంబరుకి 'అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' చేయించి, గ్రబ్‌ని అప్‌డేట్ చేశాను. ఇరవై నిమిషాల పని. ఒక్క హెచ్చరిక: జాగా కోసం బూట్ ఫోల్డర్‌లో ఫైళ్ళని 'ఆర్‌ఎం'తో చేత్తో తీసేయకండి. ప్యాకేజీ లెక్కకీ డిస్కు మీద ఉన్నదానికీ పొంతన పోయి, మరుసటి అప్‌డేట్ ఇంకా పెద్ద తలనొప్పి అవుతుంది.

రెండో రకం, ఎన్విడియా నల్లతెర. కెర్నెల్ వచ్చింది కానీ దాని హెడర్స్ ప్యాకేజీ రాలేదు, అందుకని డీకేఎంఎస్ మాడ్యూల్ కట్టలేకపోయింది. హెడర్స్ వేసి 'డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్' కొడితే సరిపోతుంది. అప్పటిదాకా తెర రావాలంటే గ్రబ్ మెనూలో కొత్త కెర్నెల్ వరుస మీద 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 కొట్టండి. తెర మోటుగా వస్తుంది కానీ వస్తుంది. దాన్ని శాశ్వతంగా పెట్టి వదిలేయడం మాత్రం వద్దు. గ్రాఫిక్స్ మొత్తం ప్రాసెసర్ మీద పడి మెషీన్ నీరసంగా నడుస్తుంది.

మూడోది సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం ఉన్నవాటినే లోడ్ కానిచ్చే ఏర్పాటు. దీని దగ్గర చాలామంది తెలియకుండానే తప్పు చేస్తారు. బయటి మాడ్యూల్‌కి సంతకం కావాలి. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, పెట్టుకుంటాం. రీబూట్ అవగానే నీలం తెర ఒకటి వస్తుంది, పైన 'పెర్ఫార్మ్ మోక్ మేనేజ్‌మెంట్' అని ఉంటుంది. నీలం తెర చూసి కంగారుపడి మొదటి వరుస 'కంటిన్యూ బూట్' కొట్టేస్తారు. కొద్ది సెకన్లు ఆగినా అదే జరుగుతుంది. ఆ సంతకం తాలూకు తాళంచెవి (మోక్) నమోదు కాకుండానే బూట్ అయిపోతుంది, ఇక డ్రైవర్ లోడ్ అవ్వదు, లాగ్‌లో 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని పడుతుంది. ఆ తెరలో ఎంచుకోవాల్సింది 'ఎన్‌రోల్ మోక్', తర్వాత 'కంటిన్యూ', 'ఎస్', పాస్‌వర్డ్, రీబూట్. తప్పిపోతే 'మోక్‌యుటిల్ ఇంపోర్ట్'తో మళ్ళీ పిలిపించుకోవచ్చు. అసలు ఈ తంతంతా వద్దనుకుంటే, ఉబుంటు వాళ్ళు ముందే కట్టి సంతకం చేసి ఇచ్చే ఎన్విడియా మాడ్యూళ్ళు వాడండి. 'ఉబుంటు డ్రైవర్స్ ఇన్‌స్టాల్' సాధారణంగా వాటినే తెస్తుంది. ఎన్విడియా సైట్ నుంచి డాట్ రన్ ఫైలు దించి వేసుకోవడం కంటే ఇది వంద రెట్లు నయం. కెర్నెల్ మారినప్పుడు జతగా మాడ్యూల్ కూడా వస్తుంది.

వరస మార్చుకోవడం

ఈ సంగతి చాలామందికి తెలియదు. ఉబుంటు ఎల్‌టీఎస్‌లో (ఏళ్ళ తరబడి సపోర్టు ఉండే విడుదలలో) రెండు కెర్నెల్ వరసలు ఉంటాయి. జీఏ వరస పుట్టినప్పటి నంబరు మీదే చివరిదాకా నిలబడి భద్రతా సవరణలు మాత్రం తీసుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఈ వరస కొన్ని నెలలకోసారి పెద్ద నంబరుకి దూకుతుంది. 22.04లో జీఏ 5.15, హెచ్‌డబ్ల్యూఈ చివరికి 6.8 దాకా వెళ్ళింది. 24.04 పుట్టింది 6.8తో. 2025లో హెచ్‌డబ్ల్యూఈ దారిలో 6.11, ఆ తర్వాత 6.14 వచ్చాయి. డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా హెచ్‌డబ్ల్యూఈ పడుతుంది, సర్వర్‌లో జీఏ. మనం చూసే 'నిన్నటిదాకా బాగానే ఉంది' కేసుల్లో చాలావరకు ఇలా దూకిన రోజు మొదలైనవే.

మెషీన్ పాతదై, అందులో జీటీ 710 లాంటి కార్డు, ఎన్విడియా 470 డ్రైవర్ ఉంటే నా సలహా సందేహం లేకుండా జీఏ. ఆ కార్డుకి కొత్త కెర్నెల్ కొత్తగా ఇచ్చేదేమీ లేదు. పైగా 470 వరసని ఎన్విడియా పక్కన పెట్టేసింది, కెర్నెల్ ముందుకు పోయేకొద్దీ ఆ డ్రైవర్ కంపైల్ అవడం కష్టమవుతూ ఉంటుంది. హోల్డ్‌లో లేని సుఖం ఇందులో ఉంది: భద్రతా సవరణలు ఆగవు. 22.04కి మామూలు సపోర్టు 2027 దాకా. ఆ తర్వాత ఉబుంటు ప్రో ఉంది, సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు ఉచితం. మారేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. జీఏ వేసినంత మాత్రాన గ్రబ్ దాన్ని ఎంచుకోదు, పెద్ద నంబరే ముందు లేపుతుంది. 5.15లోకి బూట్ అయ్యాక హెచ్‌డబ్ల్యూఈ ప్యాకేజీలనీ, దాని కెర్నెళ్ళనీ తీసేయాలి.

లాప్‌టాప్ కొత్తదైతే లెక్క తిరగబడుతుంది. ఈమధ్య కొన్నదానిలో వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ పాత కెర్నెల్‌కి తెలియనే తెలియకపోవచ్చు. దానికి వెనక్కి వెళ్ళడం కాదు, హెచ్‌డబ్ల్యూఈ లేదా ఓఈఎం (కంపెనీల కొత్త మెషీన్ల కోసం ఉబుంటు ఇచ్చే) కెర్నెల్ మందు. ఉబుంటు మెయిన్‌లైన్ బిల్డులని (అసలు కెర్నెల్ సోర్సు నుంచి నేరుగా కట్టినవాటిని) పరీక్షకి మాత్రమే వాడండి. వాటికి సంతకం ఉండదు కాబట్టి సెక్యూర్ బూట్ ఒప్పుకోదు, భద్రతా సవరణల బాధ్యత కూడా ఎవరిదీ కాదు.

ఆర్చ్ వాళ్ళైతే మామూలు కెర్నెల్ పక్కనే ఎల్‌టీఎస్ కెర్నెల్‌ని మొదటి రోజే వేసుకోవాలి, అక్కడ పాతది దానంతటదే మిగలదు. ఫెడోరా మామూలుగా మూడు కెర్నెళ్ళు ఉంచుతుంది, కాబట్టి అక్కడ వెనక్కి వెళ్ళడం హాయి.

పార్టు మార్చడం, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం

బ్రాడ్‌కామ్ 'డబ్ల్యూఎల్' ఉన్న పాత లాప్‌టాప్‌తో ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ ఒక పూట పోతుంది. బ్రాడీపేట ల్యాబులో రెండు లాప్‌టాప్‌లకి మూడుసార్లు ఓపిగ్గా బాగుచేశాను. నాలుగోసారి బెజవాడ వెళ్ళే పనుంటే రెండు ఇంటెల్ వైఫై కార్డులు తెచ్చి బిగించాను. డ్రైవర్ కెర్నెల్ లోపలే ఉంది, ఆ రోజు నుంచి వాటి గొడవే లేదు. కొన్ని పాత బ్రాండెడ్ లాప్‌టాప్‌ల బయోస్ వేరే కార్డుని ఒప్పుకోదు, కొనేముందు ఆ మోడల్ సంగతి కనుక్కోండి. అలాంటప్పుడు యూఎస్‌బీ డాంగిల్ దారి. అట్ట మీద 'లినక్స్ సపోర్ట్' అని ఉందని కొనకండి, లోపలి చిప్ ఏమిటో చూడండి. ఎంటీ 7601యూ లాంటి మీడియాటెక్ చిప్‌కి డ్రైవర్ 2015 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. వేగం తక్కువే, క్లాసుకి సరిపోతుంది.

మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం అనేది రిపేరు షాపుల్లో మొదట చెప్పే మాట, నా లెక్కలో ఆఖరిది. పాత కెర్నెల్ ఒక్కటీ మిగలకపోయినా లైవ్ యూఎస్‌బీతో లేపి, డిస్కుని మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో ఆ డిస్కులోని సిస్టమ్‌లోకి దిగి లోపల నుంచే కెర్నెల్‌ని మళ్ళీ వేయొచ్చు. దానికీ లొంగకపోతే, అప్పుడు డేటా బయటికి తీసుకుని మొదలుపెట్టండి.

గుమాస్తా బాబాయ్ సిస్టమ్‌ని ఆ వారంలోనే జీఏ వరసలోకి మార్చాను. చీటీలు, లెక్కలు, ప్రింటరు, దానికి అంతకన్నా అక్కర్లేదు. సీజన్ అయ్యాక డిస్కు కాపీ తీసుకుని బూట్ భాగాన్ని రెండు జీబీకి పెంచాను. మానిటర్ కింద అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను: షిఫ్ట్ పట్టుకోండి. రెండో వరుస, ఎంటర్. మూడో వరుస, ఎంటర్. మీది యూఈఎఫ్ఐ మెషీన్ అయితే మొదటి మాట మార్చి, ఎస్కేప్ ఒక్కసారి అని రాయండి.